రోటర్‌డామ్ నుంచి జర్మనీకి: సరకు రైలా, రైన్ నదా, లారీయా?

చీమకుర్తి గ్రానైట్ పలకలైనా, గుంటూరు మిరపకాయలైనా, భీమవరం రొయ్యలైనా జర్మనీ కొనుగోలుదారుకు వెళ్ళేటప్పుడు తరచుగా నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ రేవులోనే ఓడ దిగుతాయి. విశాఖపట్నం వంటి రేవులో కంటైనర్ ఓడ ఎక్కే దాకా ప్రతి రూపాయికీ లెక్క చూసుకునే మన ఎగుమతిదారులు, రోటర్‌డామ్ నుంచి కొనుగోలుదారు గోదాము దాకా మిగిలిన కొన్ని వందల కిలోమీటర్ల విషయంలో మాత్రం రవాణా ఏర్పాట్లు చూసే ఫార్వార్డర్ చెప్పిన ధరకు సరేనని ఊరుకుంటారు. నెలకు పైగా సముద్రం మీద ప్రయాణించి వచ్చిన సరకు ఈ చివరి దశలోనే రోజుల తరబడి నిలిచిపోవడం, ఎవరూ ముందుగా చెప్పని సర్‌చార్జీలు బిల్లులో కనిపించడం ఎగుమతి పత్రాలు చూసే నాబోటివారికి బాగా తెలిసిన సంగతి.

ఈ చివరి దశకు మూడు దారులు ఉన్నాయి. ఒకటి, రోటర్‌డామ్ రేవును జర్మనీ సరిహద్దుతో కలపడానికి సరకు రైళ్ళ కోసమే కట్టిన బేతువె రైలు మార్గం. రెండోది, రైన్ నది మీద నడిచే బార్జ్ అనే సరకు పడవ. మూడోది, రహదారి మీద లారీ. వీటిలో ఏది మంచిదని అడిగేవారికి నేను తిరిగి వేసే ప్రశ్న ఒక్కటే: కంటైనర్ తలుపు చివరికి ఏ ఊళ్ళో తెరుస్తారు? రేవు వైపు నుంచి చూస్తే ప్రత్యేక రైలు మార్గమే అన్నిటికన్నా గొప్పగా కనిపిస్తుంది. కాని ఆ మార్గం సరిహద్దు దగ్గర ఆగిపోతుంది, సరకు ఆగదు. కాబట్టి గమ్యం నుంచి వెనక్కి లెక్క వేసుకుంటూ రావాలి.

ఎంపిక అసలు ఎవరి చేతిలో ఉంది

ఒప్పందం ఎఫ్.ఓ.బి. అయితే సరకు మన రేవులో ఓడ ఎక్కడంతోనే మీ బాధ్యత తీరిపోతుంది. సి.ఐ.ఎఫ్. రోటర్‌డామ్ అయితే సముద్రపు కిరాయి, బీమా మీవి. రేవు నుంచి లోపలికి తీసుకెళ్ళడం కొనుగోలుదారు పని. డి.ఏ.పి. షరతు మీద, అంటే కొనుగోలుదారు గోదాము దాకా చేర్చి ఇస్తామని ఒప్పుకున్నప్పుడు మాత్రం ఈ ఎంపిక, దాని వల్ల వచ్చే లాభనష్టాలు పూర్తిగా మీవే అవుతాయి.

అప్పుడు కూడా లోపలి రవాణాను షిప్పింగ్ లైన్‌కే అప్పగించాలా, సొంత ఫార్వార్డర్‌తో చేయించుకోవాలా అనేది ముందే తేల్చుకోవాలి. మొదటిదాన్ని కారియర్ హాలేజ్ అనీ, రెండోదాన్ని మర్చంట్ హాలేజ్ అనీ అంటారు. కారియర్ హాలేజ్‌లో కంటైనర్‌ను రైల్లో పంపాలో బార్జ్‌లో పంపాలో చాలావరకు లైన్ తన సౌకర్యాన్ని బట్టి నిర్ణయించుకుంటుంది; మీరు అడగకపోతే అది మీకు తెలియను కూడా తెలియదు. మర్చంట్ హాలేజ్‌లో దారి మీ ఇష్టం, కాని రేవులో రుసుము లేకుండా ఇచ్చే ఫ్రీ డేస్ దాటితే డెమరేజ్ అనే రుసుము, ఖాళీ కంటైనర్ ఆలస్యంగా తిరిగి ఇస్తే డిటెన్షన్ అనే రుసుము మీ నెత్తినే పడతాయి. బార్జ్ మూడు రోజులు ఆలస్యమైతే మిగిలిందనుకున్న కిరాయి అంతా డెమరేజ్‌లోకి పోవచ్చు. అందువల్ల ధరల పట్టికను చూడడానికి ముందే ఫ్రీ డేస్ ఎన్నో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి.

బేతువె మార్గం: అది ఇచ్చేది, ఇవ్వలేనిది

రోటర్‌డామ్ రేవు పడమటి కొసన, సముద్రాన్ని పూడ్చి కట్టిన మాస్‌ఫ్లక్టె టెర్మినళ్ళ దగ్గర మొదలై, జర్మనీ సరిహద్దుకు ఆనుకొని ఉన్న జేవెనార్ దాకా సాగే ఈ జంట లైను పొడవు 160 కిలోమీటర్లు. ఇందులో సుమారు 48 కిలోమీటర్లు పాత రేవు లైనును బాగుచేసి విద్యుదీకరించినది. వ్యాగన్లను రైళ్ళుగా కూర్చే కైఫ్‌హూక్ మార్షలింగ్ యార్డు నుంచి సరిహద్దు దాకా ఉన్న సుమారు 112 కిలోమీటర్లు కొత్తగా వేసినది. 2007 జూన్ 16న నెదర్లాండ్స్ రాణి బియాట్రిక్స్ దీన్ని ప్రారంభించారు. ఖర్చు సుమారు 470 కోట్ల యూరోలు అయింది. ప్రైవేటు పెట్టుబడి కూడా వస్తుందని మొదట ఆశించారు గాని అది రాలేదు, భారం ప్రజాధనం మీదే పడింది. ఇంత డబ్బు పోసి కట్టినదానికి తగిన ఫలితం వస్తోందా అని అక్కడ ఏళ్ళ తరబడి వాదన నడిచింది. ఆ వాదనతో మన ఎగుమతిదారుకు నేరుగా పని లేకపోయినా, దాని మూలకారణంతో చాలా పని ఉంది. అది కాసేపట్లో వస్తుంది.

ప్రత్యేక మార్గం కావడం వల్ల సరకుకు కలిగే మేలు ఏమిటో తెలియాలంటే, అలా కాని మార్గాల్లో ఏం జరుగుతుందో చూడాలి. నెదర్లాండ్స్ రైలు వ్యవస్థ ప్రపంచంలోనే అత్యంత రద్దీ గల వాటిలో ఒకటి. చాలా లైన్ల మీద ప్రయాణికుల రైళ్ళు నిమిషాల తేడాతో నడుస్తాయి. బరువైన గూడ్స్ రైలు వేగం అందుకోవడానికీ ఆగడానికీ చాలా సమయం తీసుకుంటుంది కాబట్టి దాన్ని లూప్ లైనులో నిలబెట్టి ప్రయాణికుల రైళ్ళను ముందు పంపిస్తారు. ఒకసారి అలా ఆగిన రైలు మళ్ళీ తన వరుసను అందుకోవడానికి ఎంతసేపు పడుతుందో చెప్పడం కష్టం. బేతువె మార్గంలో ప్రయాణికుల రైళ్ళ తాకిడి లేదు. కొత్తగా వేసిన భాగంలో లెవెల్ క్రాసింగ్ ఒక్కటి కూడా లేదు. నదులనూ కాలువలనూ చాలాచోట్ల సొరంగాల్లో దాటుతుంది. లైను పక్కన రంగు దీపాల సిగ్నళ్ళకు బదులు యూరప్ ఉమ్మడి సిగ్నలింగ్ విధానమైన ఇ.టి.సి.ఎస్. ద్వారా డ్రైవర్ ఎదుట తెర మీదే అనుమతి వస్తుంది. దేశమంతటా 1500 వోల్టుల డి.సి. విద్యుత్తు ఉంటే, బరువైన రైళ్ళను లాగడానికి వీలుగా ఈ మార్గానికి 25 కిలోవోల్టుల ఎ.సి. పెట్టారు, మన రైల్వేలో ఉన్నదీ అదే.

రేవు వైపున కూడా ఒక పాత ఇరుకు తొలగింది. మాస్‌ఫ్లక్టె నుంచి వచ్చే రైళ్ళన్నీ కాలండ్ అనే లిఫ్ట్ వంతెన మీదుగా రావలసి వచ్చేది. ఓడలకు దారి ఇవ్వడానికి ఆ వంతెన లేచినప్పుడల్లా రైళ్ళు ఆగిపోయేవి. దానికి బదులుగా సుమారు 4 కిలోమీటర్ల ఎత్తైన మార్గం కట్టి 2021 నవంబర్‌లో రైళ్ళను దాని మీదికి మళ్ళించారు. కాబట్టి మీకు ఎవరైనా పాత అనుభవం చెప్పి రేవులోనే రైలు నిలిచిపోతుందని భయపెడితే, ఆ అనుభవం ఏ సంవత్సరానిదో అడగండి.

ఇక ఇవ్వలేనిది. జేవెనార్ దాటి జర్మనీలోని ఎమ్మరిష్‌లోకి అడుగు పెట్టగానే ఇదే రైలు మామూలు ఉమ్మడి లైను మీదికి వస్తుంది. అక్కడి నుంచి ఒబర్‌హౌజెన్ దాకా ఉన్న 73 కిలోమీటర్లలో రెండే పట్టాలు, అంటే రెండే ట్రాక్‌లు. వాటి మీదే స్థానిక ప్రయాణికుల రైళ్ళు, దూరప్రయాణ రైళ్ళు, గూడ్స్ రైళ్ళు అన్నీ నడవాలి. తమ వైపు లైను సామర్థ్యం పెంచుతామని జర్మనీ 1992లోనే వార్నెమ్యూండె పట్టణంలో నెదర్లాండ్స్‌తో ఒప్పందం చేసుకుంది. డచ్చి వైపు పని 2007లో పూర్తయింది. జర్మనీ వైపు మూడో పట్టా పెద్ద ఎత్తున మొదలైంది 2017లో. బేతువె మార్గం మీద వచ్చిన విమర్శల్లో సగానికి సగం దీని నుంచే పుట్టాయని నా అభిప్రాయం. కాలువను ఎంత వెడల్పుగా తవ్వినా చివరి తూము ఎంతో అంతే నీరు పారుతుందని మన రైతులకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

మూడో పట్టా పనుల కోసమే 2024 నవంబర్ నుంచి 2026 మే దాకా 80 వారాల పాటు ఆ జర్మనీ భాగంలో రాకపోకలను బాగా తగ్గించే ప్రణాళిక వేశారు. ఎక్కువ వారాలు ఒక్క పట్టా మీదే రైళ్ళు నడిచేలా, కొన్నిసార్లు పూర్తిగా ఆగిపోయేలా అది ఉంది. అలాంటప్పుడు రైళ్ళను దక్షిణాన బ్రెడా, టిల్‌బర్గ్, ఐండ్‌హోవెన్ మీదుగా వెన్లో సరిహద్దుకు, లేదా తూర్పున ఓల్డెన్‌జాల్ మీదుగా బాడ్ బెంట్‌హైమ్ సరిహద్దుకు మళ్ళిస్తారు. ఆ రెండూ ప్రయాణికుల రైళ్ళతో పంచుకునే మార్గాలే. అంటే మీరు ప్రత్యేక మార్గం చూసి రైలును ఎంచుకున్నా, మీ కంటైనర్ నిజంగా నడిచేది ఉమ్మడి లైను మీద కావచ్చు. ఆ 80 వారాలతో పని అంతా అయిపోదు. మూడో పట్టా పూర్తిగా అందుబాటులోకి రావడానికి ఇంకా సంవత్సరాలు పడుతుంది. అందుచేత బుక్ చేసే ప్రతిసారీ ఆ నెలలో రైలు ఏ సరిహద్దు గుండా వెళ్తుందో అడగడం అలవాటు చేసుకోవాలి.

సరిహద్దు దగ్గర మరికొన్ని మార్పులు కూడా ఉన్నాయి. జర్మనీలో విద్యుత్తు 15 కిలోవోల్టులు, అదీ వేరే పౌనఃపున్యంలో. సిగ్నలింగ్ చాలాచోట్ల వేరు. కాబట్టి రెండు మూడు విద్యుత్ విధానాల్లో పనిచేసే ఇంజన్ కావాలి, జర్మన్ భాష వచ్చిన డ్రైవర్ కావాలి. ఇవన్నీ రైలు కంపెనీ చూసుకోవలసిన పనులే అయినా, రైలు దారి మళ్ళినప్పుడు ఆ దారికి సరిపడే ఇంజన్, డ్రైవర్ వెంటనే దొరకకపోతే ఆలస్యం మాత్రం మీ సరకుదే.

మన దేశంలో దాద్రి నుంచి నవీ ముంబయి జవహర్‌లాల్ నెహ్రూ రేవు దాకా సాగే 1506 కిలోమీటర్ల పశ్చిమ సరకు రవాణా కారిడార్‌లో కంటైనర్ల మీద కంటైనర్లు పెట్టి రెండంతస్తులుగా నడుపుతున్నారు కదా, అక్కడ ఎందుకు నడపరని కొందరు అడుగుతుంటారు. బేతువె సొరంగాలను ఆ ఎత్తుకు సరిపడేలాగే తవ్వారు. కాని పైనున్న కరెంటు తీగ ఎత్తు అందుకు చాలదు, సరిహద్దు దాటితే జర్మనీ వంతెనలూ అసలు ఒప్పుకోవు. ఒక్క అంతస్తులోనే 740 మీటర్ల దాకా పొడవున్న రైలు నడుపుతారు. దాని మీద 20 అడుగుల కంటైనర్లు సుమారు 90 నుంచి 100 దాకా పడతాయి.

మొత్తం మీద రైలు బలం దూరంలో ఉంది. గమ్యం రైన్ ఒడ్డున ఉన్న డ్యూస్‌బర్గ్ చుట్టుపక్కల అయితే రైలు ప్రయాణం కొన్ని గంటలే గాని, రేవులో ఎక్కించడం, లోపలి టెర్మినల్‌లో దించడం, అక్కడి నుంచి మళ్ళీ లారీ పెట్టడం అనే మూడు ఖర్చులు ఆ కొద్ది దూరం మీదే పడతాయి. గమ్యం మ్యూనిక్, వియన్నా, బాసెల్, లేదా ఆల్ప్స్ దాటి ఉత్తర ఇటలీ అయితే అవే మూడు ఖర్చులు ఎనిమిది వందలో వెయ్యో కిలోమీటర్ల మీద పరుచుకుంటాయి. అప్పుడు లారీ రైలుతో పోటీ పడలేదు. రేవుకూ లోపలి టెర్మినళ్ళకూ మధ్య తిరిగే షటిల్ రైళ్ళు వారంలో నిర్ణీత రోజుల్లో, నిర్ణీత టెర్మినళ్ళ నుంచే బయలుదేరుతాయి. మీ ఓడ ఆగే టెర్మినల్‌లో ఆ షటిల్ ఎక్కించే ఏర్పాటు లేకపోతే, రేవు లోపలే ఒక చోటు నుంచి మరో చోటికి చేర్చే ఖర్చు కూడా కలుస్తుంది. ఇది చాలా కొటేషన్లలో విడిగా కనిపించదు.

రైన్ నది

రోటర్‌డామ్ నుంచి లోపలికి వెళ్ళే కంటైనర్లలో స్థూలంగా సగానికి పైగా లారీల మీద, మూడో వంతుకు దగ్గరగా బార్జ్‌ల మీద పోతుంటే, రైలు వాటా పదో వంతు చుట్టూనే ఉంటుంది. ప్రత్యేక రైలు మార్గం ఉండి కూడా నది వాటా ఇంత పెద్దదిగా ఉండడానికి కారణం సులువైనదే: 110 మీటర్ల మామూలు రైన్ పడవ 20 అడుగుల కంటైనర్లు 200 దాకా మోస్తుంది, అంటే రెండు రైళ్ళ సరకు, అదీ కొద్దిమంది సిబ్బందితో. కిలోమీటరుకు కిరాయి మూడింటిలోనూ దీనిదే తక్కువ.

ఇనుప ఖనిజం సంగతి చూస్తే ఈ లెక్క ఇంకా తేటగా తెలుస్తుంది. రోటర్‌డామ్‌లో దిగిన ఖనిజం రైన్ ఒడ్డునే ఉన్న డ్యూస్‌బర్గ్ ఉక్కు కర్మాగారాలకు ఆరేసి బార్జ్‌లను ఒకటిగా కట్టి తోసుకెళ్ళే పుషర్ల మీద నదిలోనే వెళ్తుంది. అదే ఖనిజం ఫ్రాన్స్ సరిహద్దుకు దగ్గరలో ఉన్న డిల్లింగెన్ ఉక్కు కర్మాగారానికి మాత్రం మాస్‌ఫ్లక్టె నుంచి బరువైన రైళ్ళలో వెళ్తుంది. సరకు ఒకటే, రేవు ఒకటే; గమ్యం మారగానే దారి మారింది.

బార్జ్ బలహీనతలు రెండు. మొదటిది రేవులోనే ఉంది. ఒక్కో బార్జ్ పది పన్నెండు కంటైనర్ల కోసం ఒక టెర్మినల్, మరో పది కోసం ఇంకో టెర్మినల్ అంటూ రేవంతా తిరగాలి. పెద్ద సముద్రపు ఓడలు వచ్చినప్పుడు క్రేన్లు వాటికే ముందు పనిచేస్తాయి. డ్యూస్‌బర్గ్ దాకా ప్రయాణం సుమారు ఒక రోజే అయినా, రేవు నుంచి బయటపడడానికే అంతకు రెండు మూడింతల సమయం పట్టిన సందర్భాలు ఉన్నాయి.

రెండోది నీటిమట్టం. వేసవి చివరి నుంచి శరత్కాలం దాకా రైన్‌లో నీరు తగ్గుతుంది. 2018 అక్టోబర్‌లో కౌబ్ అనే ఊరి దగ్గర కొలబద్ద 25 సెంటీమీటర్లకు పడిపోయింది. 2022 ఆగస్టులో మళ్ళీ 40 సెంటీమీటర్ల లోపుకు వచ్చింది. కొలబద్ద మీది అంకె నది పూర్తి లోతు కాదు, పడవలు నడిచే కాలువ అంతకన్నా లోతుగానే ఉంటుంది. అయినా ఆ స్థాయిలో పడవలు తమ సామర్థ్యంలో కొద్ది భాగం మాత్రమే మోయగలవు. కౌబ్ డ్యూస్‌బర్గ్‌కు చాలా ఎగువన, కోబ్లెంజ్‌కూ మైన్‌జ్‌కూ మధ్య ఉంది. కాబట్టి మీ గమ్యం మాన్‌హైమ్, కార్ల్స్‌రూహె, బాసెల్ అయితే కౌబ్ అంకె చూడాలి. డ్యూస్‌బర్గ్ దాకానే అయితే ఎమ్మరిష్, రూరోర్ట్ కొలబద్దలు చూడాలి. ఒప్పందాల్లో నీరు తగ్గినప్పుడు ఏ మట్టం దగ్గర ఎంత సర్‌చార్జీ పడుతుందో పట్టికగా రాసి ఉంటుంది. ఒక మట్టం కన్నా దిగువకు పోతే సరకు తీసుకెళ్ళే బాధ్యత తమకు ఉండదని కూడా ఉంటుంది. ఆగస్టు నుంచి నవంబర్ మధ్య రోటర్‌డామ్ చేరే సరకుకు బార్జ్ కొటేషన్ తీసుకునేవారు ఈ పట్టిక చదవకుండా సంతకం చేయకూడదు.

లారీ

లారీ గురించి చెప్పవలసింది తక్కువ. మాస్‌ఫ్లక్టెలో కంటైనర్ విడుదలైన రోజే ఎక్కించి, డ్యూస్‌బర్గ్ ఉన్న రూర్ ప్రాంతంలోని గోదాముకు అదే రోజు చేర్చగలిగేది అదొక్కటే. మధ్యలో దించి ఎత్తడాలు లేవు. కాని డ్రైవర్ రోజుకు మామూలుగా 9 గంటలకు మించి నడపకూడదు. నాలుగున్నర గంటలకు 45 నిమిషాల విరామం తప్పనిసరి. జర్మనీలో ఆదివారాలూ పండుగ సెలవు రోజులూ 7.5 టన్నులు దాటిన లారీలకు రాత్రి 10 గంటల దాకా నిషేధం ఉంది. 2023 డిసెంబర్ నుంచి అక్కడి టోల్‌కు కర్బన ఉద్గారాల రుసుము కూడా కలిసింది. మూడు వందల కిలోమీటర్లు దాటిన కొద్దీ రైలుకు దీనికి తేడా పెరుగుతూ పోతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది బరువు పరిమితి. నెదర్లాండ్స్‌లో 50 టన్నుల దాకా అనుమతి ఉన్నా, జర్మనీలో సాధారణంగా వాహనంతో కలిపి 40 టన్నులే. రైలు టెర్మినల్ నుంచో నది టెర్మినల్ నుంచో చివరి కాస్త దూరం కంటైనర్‌ను చేర్చే లారీకి మాత్రం 44 టన్నుల దాకా అనుమతిస్తారు. ఈ నాలుగు టన్నుల తేడా మన గ్రానైట్ వ్యాపారులకు ఎంత విలువైనదో కింద చెబుతాను.

మన సరకులకు ఏది సరిపోతుంది

గ్రానైట్ పలకల కంటైనర్‌లో సరకే 26, 27 టన్నులు ఉండడం మామూలు. లారీ, దాని చట్రం కలిపి సుమారు 14 టన్నులు, 20 అడుగుల ఖాళీ కంటైనర్ సుమారు 2.3 టన్నులు అనుకుంటే, 40 టన్నుల పరిమితిలో సరకుకు మిగిలేది 24 టన్నుల లోపే. అంటే ఈ కంటైనర్‌ను రోటర్‌డామ్ నుంచి నేరుగా లారీ మీద జర్మనీకి పంపడం చట్టప్రకారం కుదరదు. ఒకసారి మాకు తెలిసిన వ్యాపారి ఒకరు ధర తక్కువని లారీకి ఒప్పుకుంటే, తూకం చూశాక రవాణా సంస్థ ఎత్తనని చెప్పింది. వేరే ఏర్పాటు దొరికే లోపు ఫ్రీ డేస్ అయిపోయాయి. రైల్లోనో బార్జ్‌లోనో పంపితే చివరి లారీకి 44 టన్నుల వెసులుబాటు వస్తుంది, 27 టన్నుల సరకు అందులో ఇముడుతుంది. గ్రానైట్‌కు తొందర ఉండదు, చెడిపోదు. కాబట్టి రైన్ ఒడ్డు ఊళ్ళకు, నీరు బాగున్న నెలల్లో బార్జ్ అన్నిటికన్నా చౌక. నీరు తగ్గిన నెలల్లో ముందుగా దెబ్బతినేది బరువైన కంటైనర్లే కనుక అప్పుడు రైలు మేలు. బవేరియా వంటి దూరప్రాంతాలకు ఏడాది పొడవునా రైలే సరైనదని నా సలహా. అయితే రైలు కంపెనీలు బరువును బట్టి ధర మారుస్తాయి. సగటు బరువు మీద ఇచ్చిన కొటేషన్ గ్రానైట్‌కు చెల్లదు.

రొయ్యల విషయం పూర్తిగా వేరు. చెరువుల్లో పెంచిన మన రొయ్యలకు యూరప్ సంఘం సరిహద్దు తనిఖీల్లో నమూనాలు తీసే మోతాదును 2016లో 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. మీ కంటైనర్ తనిఖీకి ఎంపికైతే ఎప్పుడు విడుదలవుతుందో ముందుగా చెప్పలేం. ఫలానా రోజు బయలుదేరే రైల్లో చోటు కొనిపెట్టుకుని ఆ రోజు దాటిపోతే ఆ డబ్బు పోయినట్టే. పైగా సరకును గడ్డకట్టి ఉంచే రీఫర్ కంటైనర్‌కు దారి పొడవునా కరెంటు కావాలి. కంటైనర్లు మోసే బార్జ్‌లలో చాలావాటికి ప్లగ్ ఏర్పాటు ఉంటుంది, లారీకి జెన్‌సెట్ అనే జనరేటర్ తగిలిస్తారు, రైలు వ్యాగన్‌లో మాత్రం సాధారణంగా కరెంటు ఉండదు. ప్రత్యేకంగా జెన్‌సెట్ పెట్టే షటిల్ దొరికితేనే పంపాలి. మైనస్ 18 డిగ్రీలు తప్పిన రొయ్యలకు కొనుగోలుదారు కొర్రీ వేస్తే అంతకు ముందు మిగిల్చుకున్నదంతా పోతుంది. రూర్, కొలోన్ ప్రాంతాలకు రొయ్యలు పంపేవారు నిస్సంకోచంగా లారీనే తీసుకోవచ్చు.

ఎండుమిరప ఈ రెండింటికీ నడిమధ్య ఉంటుంది. సరకు తేలిక కాబట్టి బరువు పరిమితి అడ్డు రాదు. అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం కోసం భారతదేశపు మిరపకు సరిహద్దులో అదనపు తనిఖీలు ఉన్నందువల్ల విడుదల తేదీ దీనికీ కచ్చితంగా తెలియదు, కాని రొయ్యలకున్నంత తొందర లేదు. తనిఖీ ముగిశాక వచ్చే మొదటి రైలునో బార్జ్‌నో పట్టుకోవచ్చు. నదిలో రెండు మూడు రోజులు ఎక్కువైనా నష్టం లేదు గాని, కంటైనర్‌లో తేమ చేరకుండా డెసికెంట్ సంచులు పెట్టడం మాత్రం గుంటూరులోనే చూసుకోవాలి.

హైదరాబాదు నుంచి వెళ్ళే మందుల ముడిసరకులు, ద్రావకాలలో చాలా వాటిని ప్రమాదకర సరకుల కింద లెక్కిస్తారు. ఇవి రైల్లో వెళ్తే ఆర్.ఐ.డి., నదిలో వెళ్తే ఏ.డి.ఎన్., రోడ్డు మీద వెళ్తే ఏ.డి.ఆర్. నిబంధనలు వర్తిస్తాయి, దారి మారితే పత్రాల్లో కూడా సరిచూసుకోవాలి. ఊళ్ళ నడిబొడ్డున పోకుండా సరిహద్దుకు చేరే బేతువె మార్గం ఇలాంటి సరకుకు ఎంతో మేలైనది. నెదర్లాండ్స్ విధానం కూడా వీటిని వీలైనంతగా ఆ మార్గానికే పంపాలన్నదే. దారి మళ్ళింపు వల్ల ఇవి టిల్‌బర్గ్, ఐండ్‌హోవెన్ వంటి నగరాల మధ్య నుంచి పోవలసి రావడం మీద అక్కడి మునిసిపాలిటీలు ఆందోళన చెందడంలో న్యాయం ఉంది. అటువంటి నెలల్లో పరిమితులు బిగించే అవకాశం ఉంటుంది కాబట్టి ప్రమాదకర సరకుకు మరో దారి కూడా ముందే మాట్లాడి ఉంచుకోవాలి.

రోటర్‌డామే కావాలా

గమ్యం జర్మనీ తూర్పు భాగంలోనో చెక్ దేశంలోనో ఉంటే ఈ పోలిక అంతా పక్కన పెట్టి హాంబర్గ్‌ను చూడాలి. అక్కడి నుంచి ప్రాగ్ వైపు క్రమం తప్పకుండా కంటైనర్ రైళ్ళు ఉన్నాయి. ఆంట్వెర్ప్‌లో ఓడ కిరాయి ఒక్కోసారి తక్కువగా దొరుకుతుంది గాని, అక్కడి నుంచి జర్మనీకి ప్రత్యేక సరకు మార్గం లేదు. ఐరన్ రైన్ అనే పేరుతో 1879లో తెరిచిన ఆంట్వెర్ప్–మ్యూన్‌షెన్‌గ్లాడ్‌బాఖ్ లైను మీద నేరు రాకపోకలు 1991లో ఆగిపోయాయి. దాన్ని మళ్ళీ తెరిచే ఖర్చు ఎవరు భరించాలని బెల్జియం, నెదర్లాండ్స్ మధ్య వచ్చిన తగవు మీద హేగ్‌లోని శాశ్వత మధ్యవర్తిత్వ న్యాయస్థానం 2005లో తీర్పు ఇచ్చినా రైళ్ళు మాత్రం తిరిగి రాలేదు. ఆంట్వెర్ప్ సరకు రైళ్ళు మోంట్‌జెన్ మీదుగా ఆహెన్ వైపు వెళ్తాయి. కొలోన్‌కు దక్షిణాన ఉన్న గమ్యాలకు అది కూడా అడిగి చూడదగిన దారే.

మర్చంట్ హాలేజ్‌లో బుక్ చేసేటప్పుడు ఫార్వార్డర్‌కు పంపే ఈమెయిల్‌లో నేను కొన్ని సంగతులు తప్పకుండా రాస్తాను. కంటైనర్ తెరిచే ఊరి పిన్‌కోడ్, వి.జి.ఎం. ప్రకారం, అంటే తూచి ధ్రువీకరించిన పత్రం ప్రకారం కచ్చితమైన మొత్తం బరువు, ఓడ ఆగే టెర్మినల్ పేరు ముందుగా ఇస్తాను. తర్వాత రైలైతే ఏ సరిహద్దు గుండా, వారంలో ఏ రోజుల్లో, చివరి లారీకి 44 టన్నుల అనుమతి వర్తిస్తుందా అని అడుగుతాను. బార్జ్ అయితే ఏ కొలబద్ద మీద సర్‌చార్జీ లెక్కిస్తారని అడుగుతాను. కస్టమ్స్ రోటర్‌డామ్‌లోనే పూర్తి చేస్తారా, టి1 ట్రాన్సిట్ పత్రం మీద జర్మనీ దాకా తీసుకెళ్ళి అక్కడ చేస్తారా అనేది తేల్చుకుంటాను. టి1 అయితే దానికి హామీ ఎవరిదో, గడువు ఎన్ని రోజులో కూడా. చివరిగా, ఖాళీ కంటైనర్‌ను ఎక్కడ అప్పగించాలో రాయించుకుంటాను. డ్యూస్‌బర్గ్ డిపోలోనే తీసుకుంటామని షిప్పింగ్ లైన్ ఒప్పుకుంటే తిరుగు ప్రయాణం ఖర్చు పోతుంది. రోటర్‌డామ్‌కే తేవాలంటే పైన వేసిన లెక్కలన్నిటికీ ఆ ఖాళీ ప్రయాణం కిరాయిని కూడా కలిపి మళ్ళీ పోల్చి చూసుకోవాలి.